వంకాయను ముందు చేతికివ్వండి

శ్రోతలకు నమస్కారం.

చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పుదామని కూర్చుంటే మనం మొట్టమొదట చేసేదేమిటి? కాగితం మీద చకచకా ఓ వంకాయ గీసేసి, "ఇదిగో, ఇలా వెయ్యి" అంటాం. ఇక పిల్లలు వంకాయను చూడరు, మన గీతల్ని చూస్తారు. మన గీత నున్నగా వస్తుంది, వాళ్ళది వంకర పోతుంది. రెండుసార్లు ప్రయత్నించి, "నాకు రావట్లేదు, నువ్వే వెయ్యి" అంటూ పెన్సిల్ మన చేతికే ఇచ్చేస్తారు. అందుకే బొమ్మ చూపించడం మానేసి, కూరగాయనే వాళ్ళ చేతిలో పెట్టమంటాను.

వంకాయే ఎందుకంటే, అందులో ఉన్న పెద్ద ఆకారం ఒక్కటే. కాకరకాయతో మొదలుపెడితే ఆ బుడిపెలు వేయలేక పిల్లలు మధ్యలోనే లేచిపోతారు. కాలీఫ్లవర్ సంగతి సరేసరి, అది పెద్దవాళ్ళకే పరీక్ష.

మూడేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలు సున్నాను చూసి సున్నా చుట్టగలుగుతారు. ప్లస్ గుర్తు నాలుగేళ్ళ ప్రాంతంలో వస్తుంది, త్రిభుజం ఇంచుమించు ఐదేళ్ళకు. ఏటవాలు గీత పిల్లల చేతికి అంత తేలిగ్గా లొంగదు. వంకాయ ఒళ్ళంతా కాస్త సాగిన సున్నాయే కదా! మూడేళ్ళ పాప ఓ సున్నా చుట్టి, పైన నిలువుగా ఓ గీత పెట్టి "వంకాయ" అందంటే, అది వంకాయే. ముచ్చిక చుట్టూ కోసుగా ఉండే అంచులు ఐదేళ్ళవాళ్ళు వేస్తారు. మూడేళ్ళవాళ్ళను వాటి కోసం సతాయించకండి.

ముందు ముచ్చిక మీద ముళ్ళున్నాయేమో చూసి తీసేయండి. తర్వాత పిల్లల్ని కళ్ళు మూసుకుని కాయంతా తడమమనండి. ఎక్కడ నున్నగా ఉంది, ఎక్కడ లావుగా ఉంది, ఎక్కడ సన్నబడింది, వాళ్ళనే చెప్పనివ్వండి. ఇప్పుడు ముచ్చిక అంచును గోటితో కొంచెం పైకి లేపి చూపించండి. చాలా వంకాయల్లో దాని కింద తొక్క ఊదారంగులో ఉండదు, తెల్లగా పాలిపోయి ఉంటుంది. వెలుతురు తగిలితేనే అక్కడ ఆ రంగు పడుతుంది, ముచ్చిక కప్పేసిన చోట వెలుతురు పడదు. పిల్లలకు ఇలాంటి గుట్టు దొరికితే పండగే. ఇక రంగులు వేసేటప్పుడు, "అక్కడ తెల్లగా వదిలెయ్యాలి" అని మనకే చెబుతారు.

ఆ తర్వాత కాయ చుట్టూ వేలితో ఒకసారి, గాలిలో చేయి చాపి ఇంకోసారి గీయించండి. అప్పుడు కాగితం. పెద్ద కాగితం ఇచ్చి, కదలకుండా మూలలకు టేప్ అంటించండి. క్రేయాన్లు పొడవైనవి అక్కర్లేదు, విరిగిన ముక్కలే మేలు. పొట్టి ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు కాబట్టి, చెప్పకుండానే వేళ్ళ కొసలతో పట్టుకుంటారు. ఊదారంగు లేకపోతే ఎరుపు మీద నీలం రుద్దమనండి, అదే వస్తుంది. రబ్బరు మాత్రం నేనైతే ఇవ్వను. అది చేతిలో ఉంటే గీసే పనికంటే తుడిచే పనే ఎక్కువవుతుంది.

మనకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. కొందరు పిల్లలు వంకాయ పొట్ట మీద గింజలు కూడా వేసేస్తారు. "గింజలు బయటికి కనిపిస్తాయా?" అని మనం దిద్దబోతాం. ఆగండి. పిల్లలు కంటికి కనిపించేదే కాదు, తమకు తెలిసింది కూడా వేస్తారని ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ హెన్రీ లూకే అనే పండితుడు 1927 నాటికే వివరించాడు. 1972లో ఫ్రీమన్, జానికూన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల ముందు ఓ కప్పు పెట్టారు. దాని పిడి అవతలివైపుకు తిరిగి ఉంది, పువ్వు గుర్తు ఎదురుగా కనిపిస్తోంది. చిన్నపిల్లలు ఎక్కువమంది కనిపించని పిడి వేశారు, కనిపిస్తున్న పువ్వును వదిలేశారు. కప్పు అంటే పిడి ఉండాల్సిందే కదా మరి! సుమారు ఎనిమిదేళ్ళు దాటాక గానీ ఎదురుగా కనిపించినట్టు వేయడం మొదలుకాలేదు. కాబట్టి మీ నాలుగేళ్ళవాడు గింజలు వేశాడంటే వాడికి వంకాయ లోపల ఏముంటుందో తెలుసన్నమాట.

ఊరికే "బాగుంది" అనేసి ఊరుకోకండి. "ఇక్కడేం వేశావు?" అని అడగండి. బొమ్మలో లేని కథ కూడా బయటికొస్తుంది. ఏదైనా గీసి చూపించక తప్పదనుకుంటే వేరే కాగితం తీసుకోండి, వాళ్ళ బొమ్మ మీద మీ పెన్సిల్ పెట్టొద్దు. పది నిమిషాలకే విసుగొచ్చి లేచిపోతే పోనివ్వండి, ఆ వయసుకు అది చాలు.

మర్నాడు అదే వంకాయను నిలువుగా కోసి ముందు పెట్టండి. గింజలు నిజంగా ఎలా సర్దుకుని ఉన్నాయో ఈసారి చూసి వేస్తారు. కోసిన ముక్క కాసేపటికే నల్లబడుతుంది కాబట్టి కాగితం, క్రేయాన్లు ముందే సిద్ధం చేసుకోండి. కత్తి మాత్రం మీ దగ్గరే ఉండాలి. ఉంటాను, నమస్కారం.