బోనులో జంతువు తిరిగిందే ఎందుకు తిరుగుతుంది?

[తెర మీద: కొలనులో ఈదుతున్న తెల్లటి ఎలుగుబంటి, పైనుంచి తీసిన షాట్]

న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో గస్ అనే ధ్రువపు ఎలుగుబంటి ఉండేది. 1994లో దాని పేరు అమెరికా అంతా మోగిపోయింది. ఎందుకంటే అది గంటల తరబడి కొలనులో 8 అంకె ఆకారంలో ఈదుతూనే ఉండేది. అదే దారి, అదే మలుపు, మళ్లీ మొదటికి. జూ వాళ్లు జంతువుల ప్రవర్తన తెలిసిన నిపుణుణ్ని పిలిపించారు. తిండి వెతుక్కుని తినేలా దాచిపెట్టారు, ఆటవస్తువులు ఇచ్చారు, ఆఖరికి మనుషులకు డిప్రెషన్‌కి వాడే ప్రొజాక్ కూడా ఇచ్చారు. ఈత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. 2013లో గస్ చనిపోయింది.

పులి పచార్లు కొట్టడం, గుర్రం కొయ్యను పళ్లతో పట్టుకుని గాలి మింగడం, ఇరుకు కొట్టంలో పంది నోట్లో ఏమీ లేకుండానే నమలడం, ఇవన్నీ ఇదే కోవలోవి. శాస్త్రవేత్తలు వీటిని స్టీరియోటైపీ అంటారు. జూలో ఏనుగు అటూ ఇటూ ఊగుతుంటే "చూడరా, డాన్స్ చేస్తోంది" అని పిల్లలకు చూపించేవాళ్లు మనలో బోలెడుమంది. డాన్స్ కాదండీ అది.

[తెర మీద: మంచు సముద్రం మ్యాప్, మూలన చిన్న చుక్క]

2003లో రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు జూలలో ఉండే మాంసాహార జంతువులను పోల్చి చూశారు. అడవిలో ఎక్కువ దూరం తిరిగే జంతువులే బోనులో ఎక్కువ పచార్లు కొడుతున్నాయని తేలింది. ధ్రువపు ఎలుగుకి జూలో దొరికే చోటు, మంచు ప్రాంతంలో స్వేచ్ఛగా అది తిరిగే అతి చిన్న పరిధిలో కూడా పది లక్షల వంతు మాత్రమేనట!

సరే, చోటు చాలక బోర్ కొట్టింది అనుకుందాం. మరి ఆటవస్తువులు ఇచ్చినా, తిండి దాచిపెట్టినా గస్ ఎందుకు పూర్తిగా ఆపలేకపోయింది? దీనికి జవాబు కోసం మెదడు లోపలికి వెళ్లాలి.

[తెర మీద: మెదడు బొమ్మ, లోతున స్ట్రయాటమ్ వెలుగుతుంది]

మెదడు లోతుల్లో స్ట్రయాటమ్ అనే భాగం ఉంది. ఏ కదలిక మొదలుపెట్టాలి, ఏది ఆపాలి అనే పంచాయితీ చాలావరకు ఇక్కడే తేలుతుంది. ఇక్కడినుంచి రెండు దారులు బయల్దేరతాయి. ఒకటి యాక్సిలరేటర్ లాంటిది, కదలికను ముందుకు తోస్తుంది. రెండోది బ్రేక్. మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం మొదటి దారిని ఉత్సాహపరుస్తుంది, రెండోదాన్ని అణిచేస్తుంది. అందుకే డోపమైన్‌ను పెంచే యాంఫెటమైన్ మందు ఎక్కువ మోతాదులో ఇస్తే, ఎలుక ఒకేచోట వాసన చూస్తూ, నాకుతూ, కొరుకుతూ ఉండిపోతుంది.

బోనులో పుట్టి పెరిగిన జంతువుకి మందు ఎవరూ ఇవ్వలేదు కదా? నిజమే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్క్ లూయిస్ బృందం డీర్ మౌస్ అనే అమెరికా చిట్టెలుకల మీద ఏళ్లకేళ్లు పనిచేసింది. ఖాళీ బోనులో పెంచితే ఇవి ఎగురుతూ, వెనక్కి పల్టీలు కొడుతూనే ఉంటాయి. బాగా పల్టీలు కొట్టేవాటిలో రెండో దారి, అంటే బ్రేక్, మందగించి ఉంది. పాలు మానిన దగ్గర్నుంచి పెద్ద బోను, చక్రాలు, సొరంగాలు, గూడు కట్టుకోడానికి సామాను ఇచ్చి పెంచితే చాలావాటిలో పల్టీలు బాగా తగ్గాయి. చిన్నప్పుడు అలా పెరిగినవాటిని తర్వాత మామూలు బోనులో పెట్టినా, పల్టీల జబ్బు అంతగా పట్టుకోలేదు.

[తెర మీద: ముఖం గీక్కుంటున్న చిట్టెలుక]

అన్నిటికంటే నాకు వింతగా అనిపించిందేమిటంటే, 2007లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో గ్వోపింగ్ ఫెంగ్ బృందం చిట్టెలుకల్లో సాపాప్3 అనే జన్యువును తీసేసింది. అవి ముఖం పుండు పడేదాకా గీక్కున్నాయి. ఆ జన్యువును ఒక్క స్ట్రయాటమ్‌లో తిరిగి పెడితే గీక్కోవడం తగ్గింది. ప్రొజాక్‌లో ఉండే ఫ్లుఆక్సెటిన్ ఇచ్చినా తగ్గింది. గస్‌కి ఇచ్చిందీ అదే. అలాగని జన్యువు పోయిన చిట్టెలుకా, బోనులో ఎలుగూ ఒకటే అని నేను అనను.

2013లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు, మెదడు ముందుభాగం నుంచి స్ట్రయాటమ్‌కి వెళ్లే తంతువులను రోజూ కొద్ది నిమిషాలు వెలుగుతో ఉత్తేజపరిచారు. మామూలు చిట్టెలుకలే కొన్ని రోజుల్లో అతిగా శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాయి. వెలుగు ఆపేశాక కూడా రెండు వారాల దాకా మానలేదు. అంటే అలవాటు ఒకసారి తీగల్లోకి దిగితే, దాన్ని పుట్టించిన కారణం పోయినా అది మిగులుతుంది. గస్ విషయంలో జరిగింది కూడా ఇలాంటిదేమో అని నా ఊహ.

ఇంకో సంగతి. జోసెఫ్ గార్నర్ అనే పరిశోధకుడు, ఇందాక చెప్పిన మేసన్ కలిసి బ్యాంక్ వోల్ అనే ఎలుక లాంటి చిన్న జంతువులతో ఒక పరీక్ష చేశారు. ఏదైనా చేస్తే తిండి వస్తుందని ముందు నేర్పి, తర్వాత తిండి ఆపేశారు. బోనులో ఎక్కువగా చేసిందే చేసేవి, ఫలితం లేదని తెలిసినా ఆ పని మానలేకపోయాయి. అంటే చిక్కు పచార్లతో ఆగదు. "ఇక ఆపు" అనే సామర్థ్యమే సన్నగిల్లింది. మనం వేసుకునే చాలా మందుల్ని ముందు పరీక్షించేది ఇలాంటి చిన్న బోనుల్లో పెరిగిన చిట్టెలుకల మీదే. వాటి మెదడే మామూలుగా పనిచేయకపోతే ఆ పరీక్షల ఫలితాలను ఎంతవరకు నమ్మాలని గార్నర్ లాంటివాళ్లు అడుగుతున్నారు.