ఆర్‌లో కాలశ్రేణి గ్రాఫ్: ముందు తేదీ, తర్వాతే గీత

[తెరపై: ఆర్‌స్టూడియో. ఎడమవైపు ఆదేశాలు, కుడివైపు ఖాళీగా ఉన్న గ్రాఫ్ ప్యానెల్.]

వ్యాఖ్యానం: నమస్కారం. గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో కాలశ్రేణిని, అంటే కాలక్రమంలో తీసుకున్న కొలతల వరుసను, గీయడానికి ఒక్క ఆదేశం చాలు. అడ్డ అక్షం మీద ఉన్నది నిజంగా కాలమేనని సాఫ్ట్‌వేర్‌కు తెలియజెప్పడానికే మిగతా శ్రమంతా పడుతుంది. ఈ వీడియోలో ఎక్కువ సేపు ఆ పని గురించే మాట్లాడుకుందాం.

[తెరపై: ఎయిర్‌ప్యాసెంజర్స్ పట్టిక. ఏడాదికొక వరుస, నెలకొక గడి.]

వ్యాఖ్యానం: ఆర్‌తో పాటే ఎయిర్‌ప్యాసెంజర్స్ అనే డేటా మన కంప్యూటర్‌లోకి వస్తుంది. 1949 జనవరి నుంచి 1960 డిసెంబరు దాకా అంతర్జాతీయ విమానాల్లో ప్రయాణించిన వారి నెలవారీ లెక్క అది. విలువలు వేలల్లో ఉంటాయి కాబట్టి మొదటి గడిలోని 112 అంటే లక్షా పన్నెండు వేల మంది అని అర్థం. ఇలాంటి విలువలు మొత్తం 144 ఉన్నాయి. వీటిని కాలం ఊసే లేని ఉత్త సంఖ్యలుగా మార్చి, టీఎస్ అనే ఫంక్షన్‌కు అందించి, ప్రారంభం 1949 అని మాత్రమే చెప్పి చూద్దాం.

[తెరపై: గ్రాఫ్ వస్తుంది. కర్సర్ గీత చివరకు జరుగుతుంది.]

వ్యాఖ్యానం: గీత ముగిసిన చోటు 2092వ సంవత్సరం. ఏడాదికి ఎన్ని కొలతలున్నాయో మనం చెప్పలేదు కాబట్టి ఒక్కటే అనుకున్న ఆర్, పన్నెండేళ్ల లెక్కను 144 ఏళ్లకు సాగదీసింది. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక కూడా రాలేదు. ఆదేశం ఆగిపోయే తప్పు కన్నా ఇలా చప్పుడు చేయని తప్పుకే నేను ఎక్కువ భయపడతాను. ఫ్రీక్వెన్సీ 12 అని రాసి, ప్రారంభాన్ని 1949, 1 అనే జంటగా ఇస్తే గీత తన చోటికి వస్తుంది. మూడు నెలలకొక కొలత ఉంటే ఆ సంఖ్య 4 అవుతుంది. లోపల మాత్రం ఆర్ నెలలను దశాంశాలుగానే లెక్కిస్తుంది; 1960 జులై దానికి 1960.5.

[తెరపై: ఎక్సెల్ నుంచి తీసిన సీఎస్‌వీ ఫైల్. మొదటి కాలమ్‌లో 03/04/2021.]

వ్యాఖ్యానం: సమాన వ్యవధిలో వచ్చే నెలలకు, త్రైమాసికాలకు టీఎస్ బాగా కుదురుతుంది. రోజువారీ డేటాకు డేట్ అనే రకమే మేలు. అందులో ప్రతి తేదీ 1970 జనవరి 1 నుంచి గడిచిన రోజుల సంఖ్యగా నిల్వ ఉంటుంది కాబట్టి, రెండు తేదీల మధ్య ఎన్ని రోజుల ఎడం ఉందో గ్రాఫ్ మీద కూడా అంత ఎడమే కనిపిస్తుంది. అయితే ఫైల్‌ను చదివిన వెంటనే ఈ కాలమ్ ఆర్ దృష్టిలో తేదీ కాదు, ఉత్త అక్షరాలు. అలాగే గ్రాఫ్‌లు గీసే జీజీప్లాట్ ప్యాకేజీకి ఇచ్చేస్తే అది అక్షర క్రమంలో పేర్చుతుంది. అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట, రెండో తేదీలు ఇంకోచోట గుమిగూడతాయి.

మనం రాసే పద్ధతిలో 03/04/2021 అంటే ఏప్రిల్ 3. ఫార్మాట్ చెప్పకుండా దీన్ని తేదీగా మార్చమంటే ఏమవుతుందో చూడండి.

[తెరపై: జవాబు 0003-04-20.]

వ్యాఖ్యానం: క్రీస్తుశకం మూడో సంవత్సరం, ఏప్రిల్ 20! ఏడాదే ముందు ఉంటుందని ఆశించే ఆర్, 03ను ఏడాదిగా, 04ను నెలగా, 2021లోని మొదటి రెండంకెలను రోజుగా తీసుకొని, మిగిలిన 21ని వదిలేసింది. అందుకే ఫార్మాట్‌ను మనమే రాసివ్వాలి. శాతం గుర్తు పక్కన చిన్న డి అంటే రోజు, చిన్న ఎం అంటే నెల, పెద్ద వై అంటే నాలుగంకెల ఏడాది. పొరపాటున పెద్ద ఎం రాస్తే అది నిమిషం అవుతుంది. చిన్న వై రెండంకెల ఏడాదికి గుర్తు. 68 వరకు 2000 తర్వాతి ఏళ్లుగా, 69 నుంచి 1900 తర్వాతి ఏళ్లుగా లెక్క కడుతుంది కాబట్టి 65లో పుట్టినవారు 2065లో పుట్టినట్టు తేలుతుంది. నెల పేర్లు ఇంగ్లిష్‌లో ఉండి కంప్యూటర్ భాషా సెట్టింగ్ తెలుగులో ఉంటే, ఆర్ ఆ పేర్లను గుర్తించలేక ఎన్ఏ (విలువ లేదు) అని చూపిస్తుంది.

[తెరపై: రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన. ఒకదానిలో గీత తెగి ఉంది, రెండోదానిలో కలిసిపోయింది.]

వ్యాఖ్యానం: రెండింటిలోనూ లోపించింది అవే పది రోజులు. తేదీ ఉండి విలువ దగ్గర ఎన్ఏ ఉంటే గీత తెగుతుంది. వరుసే లేకపోతే ఆర్ అటూ ఇటూ ఉన్న బిందువులను తిన్నగా కలిపేస్తుంది, కొలతే లేని రోజులకు కొలత ఉన్నట్టు చూసేవారిని నమ్మిస్తుంది. టైడీఆర్ ప్యాకేజీలోని కంప్లీట్ ఫంక్షన్‌తో లోపించిన తేదీలను ముందే చేర్చుకోవాలి.

అక్షం మీది రాతలకు పెద్దగా కష్టపడనక్కర్లేదు. జీజీప్లాట్‌లో స్కేల్ ఎక్స్ డేట్ దగ్గర రెండేళ్లకొక గుర్తు అని, ఏడాది మాత్రమే చూపమని రాస్తే సరిపోతుంది. నిలువు అక్షం గురించి మాత్రం ఒక మాట చెప్పాలి.

[తెరపై: మళ్లీ ఎయిర్‌ప్యాసెంజర్స్, సరైన ఏళ్లతో.]

వ్యాఖ్యానం: 1949లో అత్యల్పం 104, అత్యధికం 148, తేడా 44. 1960లో అత్యల్పం 390, అత్యధికం 622, తేడా 232. గ్రాఫ్‌లో కుడివైపు అలలు ఎత్తుగా లేవడానికి కారణం ఇదే. నిలువు అక్షాన్ని లాగ్ స్కేల్‌కు మార్చితే తేడాలకు బదులు నిష్పత్తులు కనిపిస్తాయి. 1949లో ఆ నిష్పత్తి సుమారు 1.4, 1960లో సుమారు 1.6 కాబట్టి అలలు దాదాపు ఒకే ఎత్తుకు సర్దుకుంటాయి. లాగ్ వాడిన సంగతి అక్షం పేరులోనే రాయడం మరిచిపోవద్దు.

చివరగా, శీర్షికను తెలుగులో పెట్టుకునేవారు గ్రాఫ్‌ను మామూలు పీడీఎఫ్ డివైస్‌తో సేవ్ చేస్తే అక్షరాలు సరిగ్గా రావు. ర్యాగ్ ప్యాకేజీతో పీఎన్‌జీగా సేవ్ చేసి, తెలుగు ఫాంట్ పేరును ఆదేశంలో స్పష్టంగా ఇవ్వండి; ఒత్తులూ గుణింతాలూ చక్కగా కుదురుకుంటాయి.

[తెరపై: తెలుగు శీర్షికతో పూర్తయిన గ్రాఫ్.]