చప్పుడు ఎప్పుడు వస్తోంది? పాత స్పోర్ట్స్ కార్లలో లోపాలను గుర్తించే పద్ధతి

(విజయనగరంలో ఆటోమొబైల్ విద్యార్థులు, మెకానిక్కులు, కార్ల యజమానుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పదిహేను, ఇరవై ఏళ్లు నిండిన స్పోర్ట్స్ కారు మన ప్రాంతంలో అరుదే గానీ అసలు లేకపోలేదు. పెద్ద నగరంలో ఎవరో వాడి అమ్మినది ఇక్కడికి చేరుతుంది. కొన్నవారు సెలవు రోజున జాతీయ రహదారి మీదనో, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ మీదనో దాన్ని నడుపుతారు, తక్కిన వారమంతా కవరు కప్పి ఉంచుతారు. దాని కష్టాల్లో చాలా భాగం ఈ వాడకంలోనుంచే పుడుతుంది. రోజుల తరబడి కదలకపోవడం, కదిలిన రోజున ఒక్కసారిగా పూర్తి బలంతో పరుగెత్తడం, ఈ రెండింటి మధ్య చింతపల్లి నుంచి కళింగపట్నం దాకా ఉన్న తీరపు ఉప్పుగాలి తగలడం ఆ బండికి మంచి చేయవు.

షెడ్డుకు వచ్చిన యజమాని సాధారణంగా చప్పుడును నోటితో అనుకరించి చూపిస్తాడు. టకటక అంటాడు, గరగర అంటాడు, కీచుమంటోందంటాడు. శ్రద్ధగా వినవలసిందే, కానీ దాన్నిబట్టి విడిభాగాలకు ఆర్డరు పెట్టకూడదు. ఒకే చప్పుడును ముగ్గురు మూడు రకాలుగా వర్ణిస్తారు. అది చల్లటి ఇంజిన్‌లోనే వస్తోందా, క్లచ్ తొక్కితే ఆగుతోందా, ఎడమకు తిప్పితే పెరుగుతోందా అని అడిగితే మాత్రం ముగ్గురి జవాబూ ఒకటే అవుతుంది. అందువల్ల చప్పుడు ఎలా ఉందని కాక ఎప్పుడు వస్తోందని అడగాలనీ, డాష్‌బోర్డులో ఏ హెచ్చరిక దీపం వెలిగిందని అడిగిన వెంటనే ఆ క్షణంలో బండి ఏం చేస్తోందని కూడా అడగాలనీ నేను వాదిస్తాను.

మొట్టమొదట తేల్చవలసినది ఆ చప్పుడు ఇంజిన్ వేగంతో మారుతోందా, చక్రాల వేగంతో మారుతోందా అన్నది. నిలబడిన బండిలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చప్పుడు వేగం పెరిగితే అది ఇంజిన్ వైపుది. నిలబడితే మాయమై, నడిస్తేనే వస్తుంటే, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్ చేసి చూడాలి. ఇంజిన్ వేగం పడిపోయినా చప్పుడు అలాగే ఉంటే చక్రాల వైపు వెతకాలి. ఈ పరీక్షలో తాళం తిప్పి ఇంజిన్ మాత్రం ఆపకూడదు, ఎందుకంటే స్టీరింగ్ బిగుసుకోవచ్చు, బ్రేకుకు సాయం తగ్గిపోతుంది. ఈ కార్ల చక్రం చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు కాబట్టి 60 వేగంలో అది సెకనుకు ఎనిమిది సార్లు తిరుగుతుంది. టైరులో చిక్కుకున్న కంకరరాయి సరిగ్గా ఆ లెక్కనే కొడుతుంది. దానికోసం ఇంజిన్ విప్పినవారూ లేకపోలేదు.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరిలో లయ గురించి మాట్లాడడానికి నాకు జంకుగానే ఉంది, అయినా ఇంజిన్ విషయంలో శ్రుతి కంటే లయే ఎక్కువ చెబుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలినప్పుడు, క్రాంకు నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే, ఒక వాల్వు దగ్గర పుట్టే చప్పుడు నిమిషానికి 400 సార్లే వస్తుంది. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగి కొట్టే దెబ్బ సాధారణంగా క్రాంకు తిరిగిన ప్రతిసారీ వస్తుంది. చెవికి అలవాటైతే సెకనుకు ఏడు, సెకనుకు పదమూడు అన్న ఈ తేడాను వేలితో తాళం వేస్తూ పట్టుకోవచ్చు.

చల్లటి ఇంజిన్‌లో టకటకమని, కొద్ది నిమిషాలకు తగ్గిపోయే చప్పుడుకు రెండు కారణాలు ముందు వరుసలో ఉంటాయి. ఒకటి, ఆయిలు ఒత్తిడితో వాల్వుల దగ్గర సందు లేకుండా చూసే హైడ్రాలిక్ లిఫ్టర్లలో ఆయిలు దిగిపోవడం. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5కు ఇది పేరుపడ్డ లక్షణం. చాలాకాలం కదలని బండిలో ఇది మామూలే, సరైన చిక్కదనమున్న తాజా ఆయిలుతో చాలావరకు నయమవుతుంది. రెండోది, ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ వద్ద లీకు. లోహం వేడెక్కి వ్యాకోచించగానే సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. లిఫ్టరు చప్పుడు ఇంజిన్ మీద బరువు (లోడు) పెరిగినంత మాత్రాన పెరగదు, లీకు చప్పుడు పెరుగుతుంది. పైగా లీకు చుట్టూ నల్లటి మసి గీత కనిపిస్తుంది.

దీనికి తలకిందులుగా, ఇంజిన్ వేడెక్కి ఆయిలు పలుచనైన తరువాతనే మొదలయ్యే బరువైన దెబ్బ భయపడవలసిన చప్పుడు. ఒక్కొక్క సిలిండరుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కనెక్టరు తీసి చూసినప్పుడు, ఏ సిలిండరు దగ్గర దెబ్బ మెత్తబడితే ఆ సిలిండరు రాడ్ బేరింగును అనుమానించాలి. అలాంటి బండిని షెడ్డు దాకా నడిపించుకు రాకూడదు, లారీ మీద తేవాలి.

చప్పుడు వినిపించేసరికి ఆలస్యమైపోయే లోపాలూ ఉన్నాయి. 1996లో వచ్చిన మొదటి తరం పోర్షే బాక్స్‌స్టర్‌లో క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌లకు చలనాన్ని అందించే ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అటువంటిదే. అది విరిగితే ఇంజిన్ మొత్తం పోవచ్చు. అక్కడ చెవిని నమ్ముకోకుండా, ఆయిలు మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టరు మడతలు విప్పి వెలుతురులో చూడాలి. మెరిసే రేణువులు అయస్కాంతానికి అంటుకుంటే అది ఉక్కు, అంటే అరుగుతున్నది బేరింగో షాఫ్టో గొలుసో కావచ్చు. ఫిల్టరును చూడకుండా చెత్తలో వేసే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు, పోవాలి.

గేరుబాక్సు వైపు పని తేలిక. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు గరగరమని, తొక్కగానే ఆగితే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును, తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగును చూడాలి.

చక్రాల బేరింగుకు వంపులే పరీక్ష. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే సాధారణంగా కుడివైపు బేరింగు పోయినట్టు. అరిగిన టైరు కూడా ఇలాగే హోరుమంటుంది, అయితే తారు రోడ్డు దాటి సిమెంటు రోడ్డు ఎక్కగానే దాని స్వరం మారుతుంది, బేరింగుది మారదు. మామూలు కార్లకైతే ముందు టైర్లను వెనక్కి మార్చి చూడమంటాం. చాలా స్పోర్ట్స్ కార్లకు వెనక టైర్లు వెడల్పుగా ఉంటాయి కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది.

ఇక దీపాలు. తాళం తిప్పగానే హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఇంజిన్ నడిచాక ఆరిపోవాలి. వెలగవలసినది అసలే వెలగకపోతే అదే మొదటి లోపం. పాత కారు అమ్మేవారిలో కొందరు బల్బు తీసేస్తారు, కొనేవారు ఆ రెండు సెకన్లు కళ్లు తిప్పుకోకుండా చూడాలి.

ఎర్రటి ఆయిలు దీపం ఆయిలు మట్టాన్ని కాదు, ఒత్తిడిని చెబుతుంది. మట్టం సరిపోయినా పంపు, బేరింగులు అరిగితే ఘాట్ ఎక్కి దిగిన తరువాత ఐడిల్‌లో అది మిణుకుమంటుంది. మలుపుల్లో మాత్రమే మిణుకుమంటే, మట్టం తగ్గిన ఆయిలు పక్కకు జారి పంపు గాలి పీలుస్తోందని అర్థం. ఏ సందర్భంలోనైనా ఇంజిన్ ఆపి, డిప్‌స్టిక్ చూసి, ఆపైన విడి ప్రెషర్ గేజ్ బిగించి కొలవాలి. సెన్సారు చెడిపోయిందేమోనన్న అనుమానం కొలిచాక రావాలి, ముందు కాదు.

చెక్ ఇంజిన్ దీపం స్థిరంగా వెలిగితే నింపాదిగా షెడ్డుకు రావచ్చు. మిణుకుమిణుకుమంటే సిలిండర్లలో మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తోందని అర్థం. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపాలి. స్కానరు తగిలించి లోపాల కోడ్లు చదివే ప్రామాణికమైన ఓబీడీ-2 సాకెట్ అమెరికాలో 1996 నుంచి, ఐరోపా పెట్రోలు కార్లలో 2001 నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు కార్లు కొన్నింటిలో రెండు పిన్నులు తీగతో కలిపి, దీపం ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టాలి.

స్కానరు ఇచ్చే కోడు తీర్పు కాదు, ఒక సెన్సారు ఇచ్చిన వాంగ్మూలం మాత్రమే. ఉదాహరణకు పీ0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. దాన్ని చూసి ఆక్సిజన్ సెన్సారు మార్చేవారు చాలామంది. నిజానికి ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుకుంటోందో స్కానరులోనే చూడవచ్చు. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్పీఎం వద్ద తగ్గితే పగిలిన వాక్యూమ్ గొట్టాన్ని వెతకాలి. ఇంజిన్ మీద బరువు పెరిగేకొద్దీ పెరుగుతుంటే ఫ్యూయల్ పంపునో ఎయిర్ ఫ్లో సెన్సారునో చూడాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలులో ఆక్సిజన్ ఉంటుంది, అందువల్ల పాత కారు కంప్యూటర్ ముందే కొంత ఎక్కువ పెట్రోలు ఇస్తూ ఉంటుంది, చిన్న లీకుకే హద్దు దాటుతుంది. పాత రబ్బరు గొట్టాలను కూడా ఈ పెట్రోలుతో మరింత జాగ్రత్తగా చూడాలి. కోడు చెరిపేముందు, అది నమోదైన క్షణంలోని వేగం, ఉష్ణోగ్రత, లోడు వివరాలను ఫ్రీజ్ ఫ్రేమ్ నుంచి రాసుకోవాలి. నేను అడగమన్న "ఎప్పుడు"కు జవాబు అక్కడే దాచి ఉంటుంది, చెరిపితే అదీ పోతుంది.

ఏబీఎస్, స్టీరింగ్, బ్యాటరీ దీపాలు జాతరలో సీరియల్ బల్బుల్లా ఒకేసారి వెలిగితే మూడు భాగాలు ఒక్కసారే చెడిపోయాయనుకోకూడదు. ఇంజిన్ ఆగి ఉండగా మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లోనూ, నడుస్తుండగా 13.5 నుంచి 14.7 మధ్యలోనూ చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 0.2, 0.3 వోల్టులకు మించితే ఎర్త్ తీగ చిలుము పట్టినట్టే, మన తీరంలో ఇది తరచుగా జరుగుతుంది. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ వంటి ఫైబర్‌గ్లాస్ బాడీ కార్లలో బాడీయే విద్యుత్తును మోయదు కాబట్టి ప్రతి దీపానికీ ఎర్త్ తీగ ఛాసిస్ దాకా వెళ్లాలి. ఒక్క బోల్టు వదులైతే చాలు, డాష్‌బోర్డు తికమక పడుతుంది.

ఎయిర్‌బ్యాగ్ దీపం గురించి ఒక్క మాట. సీటు ముందుకూ వెనక్కూ జరిపేటప్పుడు కింది కనెక్టరు వదులవడం మామూలు కారణమే, కానీ ఆ తీగల మీద మల్టీమీటరు పెట్టకూడదు. బ్యాటరీ తీసి, ఆ కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, అప్పుడే కనెక్టరు ముట్టుకోవాలి.

బయట చెట్టు కింద ఒక పాత టూ సీటరు నిలిపి ఉంచాం, దాని డాష్‌బోర్డులో మూడు దీపాలు వెలుగుతున్నాయి. విద్యార్థులు ముందుగా మల్టీమీటరు తీసుకుని బ్యాటరీ దగ్గరికి రండి, స్కానరు తరువాత తెరుద్దాం.