ఈసీటీకి మత్తు: ఏ మందు, ఎంత, ఎప్పుడు

అందరికీ నమస్కారం.

ఆపరేషన్ థియేటర్‌లో రోగికి ఫిట్స్ వస్తే మత్తు డాక్టర్‌కి టెన్షన్. ఈసీటీ, అంటే తలకి కరెంటిచ్చి చేసే మానసిక చికిత్స, జరిగే గదిలో రాకపోతే టెన్షన్. అక్కడ డిప్రెషన్‌కి వైద్యం ఫిట్సే, కరెంటు దాన్ని రప్పించే సాధనం. మన మత్తుమందుల్లో చాలావరకు ఫిట్స్‌ని అణిచేవి కావడమే చిక్కు.

1938లో రోమ్‌లో చెర్లెట్టి, బినీ అనే డాక్టర్లు ఈ చికిత్స మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు. ఆ కుదుపులకి ఎముకలు విరిగేవి. ఇప్పుడు మత్తుతోపాటు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తున్నాం.

మత్తుమందుల్లో చాలాకాలం మెథోహెక్సిటాల్‌నే కొలబద్దగా పెట్టుకున్నారు. కిలోకి 0.75 నుంచి 1 మిల్లీగ్రాము చాలు, ఫిట్స్‌ని పెద్దగా చెడగొట్టదు. కానీ అన్నిచోట్లా దొరకదు. ప్రొపొఫాల్‌తో రోగి హాయిగా లేస్తాడు, బీపీ అంతగా ఎగబాకదు, ఫిట్స్ మాత్రం త్వరగా ఆగిపోతుంది. ఎటోమిడేట్‌తో ఎక్కువసేపు ఉంటుంది. కాకపోతే బీపీకి పగ్గం ఉండదు, పైగా ఒక్క డోసుకే అడ్రినల్ గ్రంథి కొన్ని గంటలు మందగిస్తుంది. కెటమిన్ డిప్రెషన్‌కే మందు కదా, రెండు పనులూ చేస్తుందని చాలామంది ఆశపడ్డారు. పరిశోధనల్లో ఆ ఆశ నిలకడగా నిలవలేదు.

నన్నడిగితే మందు పేరుకన్నా డోసు, టైమింగే ముఖ్యం. ప్రొపొఫాల్ ఎక్కించిన వెంటనే, మత్తు పతాకస్థాయిలో ఉండగా కరెంటిస్తే మంచి ఫిట్స్ ఎలా వస్తుంది? కాసేపు ఆగండి. ఆలోపు మాస్కుతో ఆక్సిజన్ ఇస్తూ శ్వాస వేగంగా ఆడించండి. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఫిట్స్‌కి దారి సులువవుతుంది. అలాగని మరీ ఆగితే, కదల్లేని స్థితిలో రోగికి మెలకువ వస్తుంది. అంతకన్నా ఘోరం లేదు.

సక్సినైల్‌కోలిన్‌కి ముందే ఒక కాలికి చీలమండ పైన బీపీ కఫ్ కట్టి గాలి నింపండి. మందు ఆ పాదానికి చేరదు. ఒళ్లంతా కదలకుండా ఉన్నా ఆ పాదం టకటకా కొట్టుకుంటుంది. ఫిట్స్ ఎన్ని సెకన్లు ఉందో అక్కడ లెక్కపెట్టండి, మెదడు తరంగాలు చూపే ఈఈజీ కూడా చూడండి. దవడ కండరానికి కరెంటు నేరుగా తగులుతుంది కాబట్టి సడలింపు మందు ఇచ్చినా పళ్లు బిగుస్తాయి. నోట్లో బైట్ బ్లాక్ పెట్టకుండా బటన్ నొక్కనివ్వకండి, సైకియాట్రిస్టు ఎంత తొందరపెట్టినా సరే.

రాత్రి నిద్రకోసం లోరాజెపామ్ వేసుకున్నారేమో కూడా కనుక్కోండి. అదీ ఫిట్స్‌ని అణిచేదే.

విడతలు గడిచేకొద్దీ ఫిట్స్ రప్పించడానికి ఎక్కువ కరెంటు కావాల్సి వస్తుంది. మధ్యలో మనం మందు మార్చేస్తే, తేడా దేనివల్ల వచ్చిందో సైకియాట్రిస్టుకి అంతుపట్టదు. కాబట్టి ఏ మందు, ఎంత, ఎక్కించిన ఎన్ని సెకన్లకి కరెంటిచ్చారు అన్నది ప్రతిసారీ కేస్‌షీట్‌లో రాయండి. ఫిట్స్ సరిగా రాకపోతే, కరెంటు పెంచేముందు ఆ కాగితం చూడమని సైకియాట్రిస్టుకి చెప్పండి.