పది నిమిషాలు బుద్ధిగా కూర్చున్న ఫైలు

వ్యాఖ్యాత: గాజువాక నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండి. ఆటోనగర్‌లో మాకు చిన్న లేత్ వర్క్‌షాపుందండి. మొన్న మెయిల్లో బిల్లని ఓ ఫైలొచ్చింది. పీడీఎఫ్ అనుకున్నాం. మా మేనల్లుడు చూసి, 'చివర డాట్ ఈఎక్స్‌ఈ ఉంది మావయ్యా, ఇది నొక్కితే నడిచే ప్రోగ్రామ్' అన్నాడు.

నిపుణురాలు: గట్టి కన్నే. విండోస్ మామూలుగా ఆ చివరి ముక్క దాచేస్తుంది. తెరిచారా?

శ్రోత: ఆఫీసు సిస్టంలో లేదండి. వాడి లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీనంట, కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటరంట, అందులో నొక్కాడు. పది నిమిషాలు చూశాం, ఏటీ అవలేదు. మంచిదేనేమో అని...

నిపుణురాలు: అబ్బే! కానిస్టేబుల్ ఎదురుగా ఉంటే దొంగ కూడా బుద్ధిగానే నడుస్తాడండి. కొన్ని మాల్వేర్లు, అంటే హాని చేసే ప్రోగ్రాములు, ముందు 'నేనున్నది వర్చువల్ మెషీనా' అని చూసుకుంటాయి. ర్యామ్ మరీ తక్కువా, మౌస్ కదులుతోందా, పరికరాలను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ల పేర్లేమిటి, అన్నీ. అనుమానమొస్తే ముడుచుకు పడుకుంటాయి. మీరు తెర చూశారు. ప్రోగ్రామ్ లోలోపల చేసేవన్నీ చూపించే ప్రాసెస్ మానిటర్ పెట్టాడా?

శ్రోత: (పక్కకు) ఒరే, పెట్టావా? ...లేదంటన్నాడండి.

నిపుణురాలు: మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది. నెట్టు, షేర్డ్ ఫోల్డర్లు తీసేసి, స్నాప్‌షాట్ తీసి, అంటే మళ్లీ వెనక్కి వెళ్లేలా ఆ మెషీన్ ఇప్పటి స్థితిని దాచి, అప్పుడు నడపమనండి. ఏ ఫైళ్లు రాసింది, సిస్టం ఆన్ చేసినప్పుడల్లా తనూ లేచేలా విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో రన్ కీ కింద చేరిందా చూడాలి. విండోస్‌కి ఆదేశాలిచ్చే పవర్‌షెల్‌ను పిలిచిందా అనీ చూడాలి. బిల్లుకి దాంతో పనేంటి?

శ్రోత: నెట్టు తీసేస్తే అది ఎవరితో మాట్లాడుతోందో ఎలా తెలుస్తాదని అడుగుతన్నాడండి.

నిపుణురాలు: అసలు ప్రశ్న అదే! ఫేక్‌నెట్ అనే టూలుంది. ఇంటర్నెట్‌లా నటిస్తూ, ప్రోగ్రామ్ ఏ అడ్రసు అడిగినా 'ఆఁ, నేనే' అంటుంది, అడిగినవన్నీ రాసుకుంటుంది. కానీ అందులోనూ ఓ తిరకాసు. 2017 మేలో ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే వాన్నాక్రై అనే మాల్వేర్ వచ్చింది కదా, అది ముందు ఎవరూ రిజిస్టర్ చేయని ఒక పొడవాటి డొమైన్‌ను, అంటే వెబ్ అడ్రసును, పలకరించేది. జవాబొస్తే ఆగిపోయేది. ఓ పరిశోధకుడు ఆ డొమైన్ రిజిస్టర్ చేయడంతోనే దాని జోరు తగ్గింది. అలాంటిదాన్ని ఫేక్‌నెట్‌తో నడిపితే? జవాబొచ్చిందని బుద్ధిగా వెళ్లిపోతుంది. అందుకే జవాబిస్తూ ఓసారి, ఇవ్వకుండా ఓసారి నడపాలి. మధ్యలో పాత స్నాప్‌షాట్‌కి వెళ్లాలి.

వ్యాఖ్యాత: ఫైళ్లలో వైరస్ ఉందేమో చూసే వైరస్‌టోటల్ సైట్‌లో పెడితే సరిపోదా మేడం?

నిపుణురాలు: ముందు ఫైలు హ్యాష్, అంటే దాని వేలిముద్రలాంటి కోడ్, అక్కడ వెతకండి. ఫైలే ఎక్కిస్తే అది వేరేవాళ్ల చేతికీ వెళ్తుంది. నిజంగా మీ బిల్లే అయితే?

శ్రోత: అయితే పంపినోళ్లని అడిగేస్తానండి, నంబరు మెయిల్లోనే ఉంది.

నిపుణురాలు: ఆ నంబరుకి వద్దు! మీ పాత రశీదు మీదున్న నంబరుకి చేయండి.