దుకాణంలో దొరికిన వస్తువు ఎవరిది?

వ్యాఖ్యాత: దుకాణంలో నేల మీద పర్సు దొరికింది. జేబులో వేసుకుని వెళ్లిపోవచ్చా మేడమ్?

న్యాయవాది: వెళ్లకూడదు. 'దొరికింది కాబట్టి నాదే' అనే మాట తరచూ వింటుంటాను, వింటే బాధేస్తుంది. పోగొట్టుకున్నంత మాత్రాన సొంతదారు హక్కు పోదు. ఎవరిదో తెలిసీ, లేదా కాస్త ప్రయత్నిస్తే తెలిసే వీలుండీ దాచుకుంటే చాలా దేశాల్లో అది నేరమే.

దుకాణదారు: మరి ఎన్నాళ్లకీ ఎవరూ రాకపోతే? నా షాపులో దొరికింది కాబట్టి నాకే రావాలి కదండీ!

న్యాయవాది: అన్నిసార్లూ కాదండీ. 1851లో ఇంగ్లండ్‌లో సరిగ్గా ఇదే గొడవ కోర్టుకెక్కింది. ఒకాయన దుకాణానికి పని మీద వచ్చి, వెళ్లబోతూ నేల మీద పొట్లం చూశాడు. విప్పితే కరెన్సీ నోట్లు. సొంతదారు వస్తే ఇవ్వమని దుకాణదారుకే అప్పగించాడు. పత్రికల్లో ప్రకటన కూడా వేశారు. మూడేళ్లు గడిచినా ఎవరూ రాలేదు. అప్పుడు తనకిమ్మని అడిగితే దుకాణదారు కుదరదన్నాడు. కోర్టు దొరికినాయనకే ఇప్పించింది. అవి అక్కడ పడి ఉన్న సంగతే దుకాణదారుకు తెలియదు, ఇక అవి ఆయన ఆధీనంలో ఉన్నట్టెలా?

వ్యాఖ్యాత: అంటే అప్పగించినా హక్కు వదులుకున్నట్టు కాదు.

న్యాయవాది: కాదు. విమానాశ్రయం లాంజ్‌లో ఒక ప్రయాణికుడికి దొరికిన బంగారు బ్రేస్‌లెట్ మీద 1982లో తీర్పు వచ్చిన కేసులోనూ అంతే. ఆ ప్రయాణికుడు దాన్ని అప్పగిస్తూ తన పేరు, చిరునామా ఇచ్చాడు. విమాన సంస్థ దాన్ని అమ్మి డబ్బు ఉంచేసుకుంటే, కోర్టు ఆ సొమ్ము ఆయనకే ఇప్పించింది. అక్కడ పనిచేసేవాళ్లకు దొరికితే మాత్రం మామూలుగా యజమానికి అప్పగించాల్సిందే.

దుకాణదారు: మాకు ఎక్కువగా కౌంటర్ మీద మర్చిపోయినవే దొరుకుతాయి. మొన్న బిల్లింగ్ మిషన్ పక్కన ఒకావిడ పర్సు వదిలేసి వెళ్లారు. వెనకున్న అబ్బాయి తనకిమ్మన్నాడు. నేనివ్వలేదు. గంటలో ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చారు. డబ్బు లెక్కపెట్టుకోలేదు, మడతపెట్టిన మందుల చీటీ ఉందా లేదా అని చూసుకున్నారు.

న్యాయవాది: చాలా మంచి పని చేశారండీ. 1866లో అమెరికాలో మంగలి షాపు బల్ల మీద పర్సు దొరికిన కేసులో కోర్టు దాన్ని షాపు యజమాని దగ్గరే ఉంచమంది. నేల మీద జారిపోయింది వేరు, చేత్తో పెట్టి మర్చిపోయింది వేరు. గుర్తొచ్చాక మనిషి వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. అన్ని చోట్లా ఈ తేడా పాటించరు గానీ, నాకిది న్యాయంగా అనిపిస్తుంది.

వ్యాఖ్యాత: దొరికినవాళ్లు వెంటనే ఏం చేయాలి?

న్యాయవాది: అప్పగించి, తేదీతో రసీదు తీసుకోవాలి. అందులో మీ పేరు, ఫోన్ నంబరు ఉండాలి.

దుకాణదారు: మేం పుస్తకంలో రాసిపెడతాం. పర్సు రంగేంటో, లోపలేముందో బయటికి చెప్పం. వచ్చినవాళ్లనే చెప్పమంటాం.