కిరోసిన్‌లో మునిగిన ముక్క

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద సీసాలో, కిరోసిన్ అడుగున కనిపిస్తున్న బూడిదరంగు ముక్క సోడియం. లోహమే అయినా చాకుతో సబ్బులా కోయొచ్చు. కోసిన చోట వెండిలా మెరుస్తుంది. వెనక బెంచీల వాళ్లు లేచి చూసేలోపే ఆ మెరుపు మాసిపోతుంది.

1807లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ పొటాష్ అనే క్షారంలోకి కరెంటు పంపాడు. పాదరసం బొట్లలాంటివి పైకొచ్చాయి, కొన్ని భగ్గుమన్నాయి. అదే పొటాషియం. ఆనందం పట్టలేక డేవీ గదంతా గంతులేశాడని పక్కనే ఉన్న అతని బంధువు ఎడ్మండ్ చెప్పాడు. కొద్ది రోజులకే సోడియం కూడా దొరికింది.

లిథియం, సోడియం, పొటాషియం, సీజియం లాంటి క్షార లోహాలకు బయటి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని ఊడబెరకడానికి లిథియంకి మోలుకు 520 కిలోజౌళ్ల శక్తి కావాలి, సీజియంకి 376 చాలు. ఫ్లోరిన్, క్లోరిన్ లాంటి హాలోజన్లకు ఆ కక్ష్య నిండటానికి ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ. కాబట్టి ఆవర్తన పట్టికలో గ్రూపు, అంటే నిలువు వరుసలో, కిందికి పోయేకొద్దీ లోహాల చురుకు పెరుగుతుంది, హాలోజన్ల చురుకు తగ్గుతుంది. ఇది మీకందరికీ వచ్చు, బిట్ పేపర్లో మార్కూ వస్తుంది. నాకు మాత్రం ఆ రూలు ఎక్కడ తడబడుతుందో చూడటం ఇష్టం.

ఎలక్ట్రాన్‌ని చేర్చుకున్నప్పుడు క్లోరిన్ 349 కిలోజౌళ్లు వదులుతుంది, ఫ్లోరిన్ 328 మాత్రమే. గ్రూపులో పైనున్నది ఫ్లోరిన్, రూలు ప్రకారం అదే ఎక్కువ వదలాలి, ఇక్కడ తిరగబడింది కదా? ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది. పల్లెవెలుగు బస్సులో ఒక సీటు ఖాళీగా ఉన్నా, ఎక్కేవాణ్ణి లోపలి జనం నెట్టినట్టే కొత్త ఎలక్ట్రాన్‌ని పాతవి నెడతాయి. మరి ఫ్లోరినే అన్నిటికన్నా ఉగ్రమైనది ఎలా అయింది? ఫ్లోరిన్ అణువులోని బంధం బలహీనం, 158 కిలోజౌళ్లకే తెగుతుంది. క్లోరిన్‌ది తెగాలంటే 243 కావాలి. పైగా ఫ్లోరిన్ ఇతర మూలకాలతో కట్టే బంధాలు చాలా గట్టివి. ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ. దాన్ని విడదీయబోయి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886లో ఫ్రాన్స్‌లో హెన్రీ మొయసాఁ సాధించాడు, 1906లో నోబెల్ అందుకున్నాడు.

నల్లగొండ వైపు "ఫ్లోరిన్ నీళ్లు" అంటుంటారు. నీళ్లు తగిలితే ఫ్లోరిన్ ఫ్లోరిన్‌గా మిగలదు, నీటినే విరగ్గొట్టి ఆక్సిజన్‌ని బయటికి నెడుతుంది. ఆ బావుల్లో ఉండేది ఫ్లోరైడ్, ఎలక్ట్రాన్ దొరికి ఆకలి తీరినది. అది భగ్గుమనదు. కానీ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు పాడవుతాయి.

లిథియం సంగతి ఇంకా తమాషా. నీళ్లలో ఎలక్ట్రాన్‌ని వదులుకునే మొగ్గును కొలిచే ప్రమాణ పొటెన్షియల్ దానికి మైనస్ 3.04 వోల్టులు, ఆ మొగ్గులో క్షార లోహాల గ్రూపులో అదే మొదటిది. తీరా నీళ్లలో వేస్తే సోడియం కన్నా నెమ్మదిగా బుసబుసలాడుతుంది. సోడియం 98 డిగ్రీలకే కరిగి ఉండైపోతుంది. లిథియం కరగాలంటే 180 డిగ్రీలు కావాలి, నీళ్లలో అంత వేడెక్కడిది? చర్య ఎంత శక్తినిస్తుంది, ఎంత వేగంగా సాగుతుంది అన్నవి వేరువేరు లెక్కలు.

ఇక నీళ్లలో పడ్డ సోడియం, పొటాషియం లాంటివి పేలే సంగతి. హైడ్రోజన్ అంటుకోవడం వల్లే పేలుతుందని నేనూ ఏళ్లపాటు పాఠం చెప్పాను. హైడ్రోజన్ మండే మాట నిజమే. కానీ హైడ్రోజన్, ఆవిరి కలిసి లోహానికీ నీటికీ మధ్య పొరలా నిలిస్తే చర్య ఆగిపోవాలి కదా? 2015లో ప్రాగ్ శాస్త్రవేత్తలు సోడియం, పొటాషియం కలిపిన ద్రవ మిశ్రమలోహం బొట్టును నీటిలోకి వదిలి హైస్పీడ్ కెమెరాతో తీశారు. మిల్లీసెకను లోపే బొట్టు నుంచి ముళ్లు పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లు నీటిలోకి దూకేశాక మిగిలిన ధనావేశ అయాన్లు ఒకదాన్నొకటి తోసుకుని బొట్టును చీల్చేస్తున్నాయి. అలా కొత్త లోహం నీటికి తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు పెసరగింజంత ముక్క ఈ తొట్టిలో వేస్తాను. ముందు వరుస వాళ్లు నాలుగడుగులు వెనక్కి జరగండి. ఫోన్లు తీశారా? మీ స్లో మోషన్ సెకనుకు 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు నాలుగు మిల్లీసెకన్లు. ఆ ముళ్లు అందులో దొరకవు, పైగా ఇంత చిన్న ముక్క పేలదు కూడా, ఉండై నీటిమీద పరుగెడుతుంది. లైట్లు ఆపండి, బాబూ.